తోరణం కనపడితే పాడె కట్టాల

2024 అక్టోబరులో విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు లేచి, ఒక్క రాత్రిలో అయిదు గిన్నిస్ రికార్డులు పట్టుకొచ్చినప్పటి నుంచి మనవాళ్లకు చీకటంటే చిన్నచూపు. కొండ కనపడితే లేజర్, చెరువు కనపడితే నీటి తెర. ఇప్పుడు మా టీ అంగడి బెంచీ మీద తీర్మానమైంది: వేంపల్లె దగ్గర గండిలో రెండు కొండల నడుమ ఎల్‌ఈడీ బంగారు తోరణం కట్టాలంట!

కట్టండి నాయనా. ఒక్కటే చిక్కు. రాముడి కోసం వాయుదేవుడు పాపఘ్ని మీద కట్టిన ఆ తోరణం, చావు దగ్గరపడిన పుణ్యాత్ముడికే కనపడుతుందని మన అవ్వలు చెప్పిన మాట. 1827లో మద్రాసు గవర్నరు మన్రో దొర ఈ దారిన పోతూ తలెత్తి, ఎవరు కట్టినారిది అని అడిగినాడంట. పక్కవాళ్లకు తోరణం కనపడలేదు, సంగతి మాత్రం అర్థమైంది. జులై 6న పత్తికొండలో దొర కలరాతో పోయినాడు.

ఇప్పుడు స్విచ్చేసి దాన్నే అందరికీ చూపిస్తారా? శ్రావణ శనివారం గండి ఆంజనేయుడి గుడికొచ్చే జనం ఒక్కసారి తలెత్తితే వేంపల్లెలో పాడెలకు వెదుళ్లు చాలవు. టికెట్టు వెనక వీలునామాకు జాగా వదలాల. బీమా ఏజెంట్లు గేటు కాడే కాపు కాస్తారు. రోజుకు రెండు షోలు నడిపే లైటింగు ఆర్టిస్టు గతేమి?

పోనీ, పుణ్యం లెక్క ఎట్ల తేలుస్తారు? మొహం చూసి కనిపెట్టే కెమెరా పెడతారా? పెడితే, ప్రారంభోత్సవం నాడు వేదిక మీది పెద్దల్లో ఎందరికి తోరణం కనపడుతుందో చూడాలని నాకూ ఉంది.

గండి గుళ్లో రాముడు బాణం మొనతో గీసిన ఆంజనేయుడికి ప్లగ్గు లేదు, ఆయన ఇప్పటికీ ఉన్నాడు. ప్లగ్గుండే వాటి గతి చూడండి: శాన్‌ఫ్రాన్సిస్కో బే వంతెనకు కళాకారుడు లియో విల్లారియల్ 2013లో అమర్చిన 25,000 దీపాలు పదేళ్లకే ఆరిపోయినాయి.

ప్రొద్దుటూరు దసరాకు నిచ్చెనెక్కి, పళ్లతో వైరు తొక్క పీకి సీరియల్ సెట్లు కట్టే పిల్లోళ్లను నేనేమీ అనను. పండగవుతానే విప్పుకుపోతారు. నాకు కడుపు మండేది ఊరికే ఉన్న చీకటిని ఓర్వలేని ఈ బుద్ధి మీద. గండికోటలో పెన్నా లోయ అంచున రాత్రి కూర్చుంటే ఆకాశం నిండా చుక్కలు. వాటి మీద కూడా రంగులు పులమాలనా? చీనీ తోటలో త్రీఫేజ్ కోసం, తేళ్ల నడుమ, స్టార్టర్ డబ్బా మీద ఎర్రబుడ్డి ఎప్పుడు వెలుగుతుందా అని తెల్లార్లూ కాచుకున్నోణ్ణి నేను. ఆ ఒక్క బుడ్డికి దిక్కులేదు గానీ, కొండలకు షోకా? సిగ్గుండాల.

వెలిగించాలని అంత ముచ్చటగా ఉంటే, మా ఊరి వంక దాటే దారిలో నాలుగు వీధి దీపాలు వేయండి. తోరణమంటారా, మాకు కనపడాల్సిన నాడు అదే కనపడుతుంది. తొందరేం లేదు.