ముందురోజు మందు

దసరా దావత్‌కు మందు ఎంచేటప్పుడు మొదట చూడవలసింది తేదీ. రకం, రుచి, ధర ఆ తర్వాత. ఫ్రెంచివారు వైన్ సీసా మీద ద్రాక్ష కోసిన ఏడాది చదువుతారు. తెలంగాణలో 2025లో సీసా కొన్న రోజు చదవాల్సి వచ్చింది. విజయదశమి వచ్చి అక్టోబర్ 2న పడింది, గాంధీ జయంతి కనుక వైన్స్ బంద్. అందుచేత 2025 దసరాకు శాస్త్రం రెండు పంటలనే గుర్తిస్తుంది. సెప్టెంబర్ 30 పంటలో ముందుచూపు, కుదురు ఉంటాయి. సద్దుల బతుకమ్మకు ఆడవాళ్లు చెరువు గట్టుకు వెళ్లి, ఇల్లు ఖాళీగా ఉన్న వేళ లోపలికి చేరిన సీసా అది. అక్టోబర్ 1 రాత్రి పంట ఘాటైనది. షట్టర్ సగం దించాక, కౌంటర్ కటకటాల దగ్గర నాలుగు మోచేతుల కింది నుంచి లాక్కున్న సీసా. ఆ పూట ఉన్న బ్రాండే అడిగిన బ్రాండు.

రకాల్లో అసలు వైన్‌ది చిన్న పాత్ర. పిన్నికీ వదినకూ ఒక సీసా తెస్తారు, అది మందు కాదు, ద్రాక్షరసమేనన్న ఒప్పందం మీద. మటన్ కూర పక్కన ఎర్ర వైన్ పెట్టడం పుస్తకాల అలవాటు. అందులోని టానిన్లు, ఆల్కహాల్ కలిసి మన మిరపకారం మంటను ఇంకా ఎగదోస్తాయి. కొంచెం తీపి తగిలే నాసిక్ తెల్ల వైన్ చల్లగా ఇస్తే నాలుక బతుకుతుంది. విస్కీకి ఇలాంటి చర్చ అక్కరలేదు. మూడో పెగ్గు తర్వాత కూర కూడా అక్కరలేదు. కల్లు మాత్రం ఈ శాస్త్రానికి లొంగదు. తెల్లారి దించింది పొద్దుగూకేసరికి పులుస్తుంది, దాచుకునే సరుకు కాదు. ముందే కొనాలనే నియమం ఫ్యాక్టరీ సీసాకు కలిసొస్తుంది, తాడెక్కేవాడికి కాదు.

ఇక నిల్వ. కార్క్ ఎండిపోకుండా వైన్ సీసాను పడుకోబెట్టాలి, విస్కీని నిలబెట్టాలి. ఈ రెండు సూత్రాలకూ మన ఇళ్లలో అడ్డొచ్చేది ఫ్రిజ్. హైదరాబాద్‌లో మటన్ దుకాణాలూ మూయాలన్నారు గనుక అల్లంవెల్లుల్లి పట్టించిన మాంసం గిన్నె ఒకరోజు ముందే పై అర ఆక్రమించింది. బీర్లు కూరగాయల డబ్బాలో కొత్తిమీర కింద చేరాయి. ఫుల్ బాటిల్‌కు దక్కిన సెల్లార్ స్కూటీ డిక్కీ. ఆయుధ పూజలో ఆ బండికి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కుంకుమ పెట్టినప్పుడు సీసాకూ పుణ్యం వాటాగా వచ్చింది. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ ఇచ్చే బావమరిది చూపు మాత్రం డిక్కీ మీదే.

అక్టోబర్ 2 నాటి సీసా అరుదైన పంట. అది లైసెన్సు దుకాణంలో పుట్టదు. ఊళ్లో కిరాణా కొట్టు వెనక, ఉల్లిగడ్డ సంచి చాటున దొరుకుతుంది. లైసెన్సు ఉన్నవాడు తాళం వేయాలి. అసలు లైసెన్సే లేని బెల్టు షాపుకు వేయడానికి తాళమేది? కాగితాల మీద అది లేదు. లేని దుకాణాన్ని మూయించడం ఏ అధికారికీ సాధ్యం కాదు. బెల్టు షాపువాడు సీసా మీది ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకుంటాడు, ఆ ఎక్కువ మహాత్ముడి గౌరవార్థం.

గౌరవం లెక్క కూడా ఇక్కడే చూడాలి. ఆ పండగ ముందే, సెప్టెంబర్ 26న, 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది. ఒక్కో దరఖాస్తుకు 3 లక్షలు, లాటరీలో పేరు రాకపోతే తిరిగివ్వరు. పోయినసారి 2 లక్షలు ఉండేది. అంటే ఒక్క చుక్క అమ్మకముందే సర్కారు తాగింది. 2025-26 బడ్జెట్‌లో ఎక్సైజ్ నుంచి ఆశించింది 27 వేల కోట్ల పైమాట. ఆ డబ్బు అడ్డా మీద నిలబడ్డ కూలీ జేబులోది, అతని పెళ్లాం స్కూలు ఫీజుకని బియ్యం డబ్బాలో దాచితే మాయమైనది. మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం పాటుపడాలని రాజ్యాంగం 47వ అధికరణలో రాసి ఉంది. దాన్ని పాటించే ధైర్యం లేదు, పాటించబోమని చెప్పే నిజాయితీ లేదు; ఏడాదికి ఒక రోజు షట్టర్ దించి ఆ ముసలాయన పేరు వాడుకోవడం మాత్రం వచ్చు. గాంధీకి ఈ దండ ఎవరడిగారు? తాగి తన్నిన మొగుడి పక్కన దసరా రాత్రి గడిపిన ఆడమనిషి అడిగిందా? ఆమెకు ఒకటో తారీఖు మందు, రెండో తారీఖు మందు అన్న తేడా తెలియదు. దరఖాస్తులకు మొదట పెట్టిన గడువు అక్టోబర్ 18.