ముడి వజ్రానికి పావలా

సూరత్ వెళ్తే వడోద్‌లో మా మేనమామ గదిలోనే దిగుతాను. గది ఒకటి, మనుషులు ఆరుగురు. రాత్రి షిఫ్టు వాళ్లు వచ్చి వాలేది పగటి షిఫ్టు వాళ్లు లేచిన చాపల మీదే, కాబట్టి చాప ఎప్పుడూ చల్లబడదు. మామది సిరిసిల్ల. ఇక్కడ సాంచాల మీద పాలిస్టర్ గుడ్డ నేస్తాడు, మీటరుకింత అని కూలి. బ్యాంకువాళ్లు అడిగారని చేయించుకున్న పాన్ కార్డును ట్రంకుపెట్టెలో పెళ్లి పత్రికల కింద దాచాడు.

మొన్న ఆ గదిలోనే ఫోన్‌లో ఓ పెద్దమనిషి గోడు విన్నాం. దేశంలో పన్ను కట్టేది తమలాంటి పిడికెడు మందేనట, తక్కిన జనమంతా వాళ్ల మీద పడి తింటున్నారట. మామ చేతిలోని బిస్కెట్ చాయ్ దాకా పోయి ఆగింది.

"గంతేనా అల్లుడా? మనం ఆయన సొమ్ము తింటున్నమా?"

పాపం, సిగ్గుపడ్డాడు. ఆ బిస్కెట్ సంగతి చెప్పాల్సి వచ్చింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చిన నాటి నుంచి 2025 సెప్టెంబర్ 21 దాకా దాని మీద 18 శాతం పన్ను. పది రూపాయల పొట్లంలో రూపాయిన్నర సర్కారుది. తలనూనెకూ టూత్‌పేస్టుకూ అదే లెక్క. అదే సూరత్‌లో ముడి వజ్రం మీద ఎంత? 0.25 శాతం. నూరు రూపాయలకు పావలా! బిస్కెట్‌ది దానికి 72 రెట్లు. ముడి వజ్రాలను చాయ్‌లో ముంచుకు తినే పేదలెవరో ఉన్నారు కాబోలు, వాళ్ల మీద దయ తలిచారు. ఇప్పుడు బిస్కెట్‌ను 5 శాతానికి దించారు. ఇంకా ఇరవై రెట్లే.

దీనికో సమాధానం ఉంది. సానబట్టిన వజ్రాల్లో ఎక్కువ భాగం ఎగుమతికే, వ్యాపారి పెట్టుబడి పన్నులో ఇరుక్కోకూడదు. న్యాయమే. పైగా తాను కట్టిన పన్నును వ్యాపారి తర్వాతి లెక్కలో సర్దుకుంటాడు. చేతులు మారుతూ వచ్చిన పన్ను చివరికి తిన్నవాడి కడుపులో ఆగుతుంది. మామ ఎవరి లెక్కలో సర్దుకోవాలి?

ఇక పెద్దమనుషుల వంతు. ఆస్తి పన్ను 1957లో వచ్చింది, 2015 బడ్జెట్‌లో పోయింది. 2013-14లో దాని వల్ల వచ్చింది 1,008 కోట్లే, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుందన్నారు. గునపం మార్చాల్సింది పోయి కొండే లేదని తీర్మానించారు. బదులుగా కోటి దాటిన ఆదాయాల మీద సర్‌చార్జి పెంచారు. ఐదు కోట్లు దాటినవాళ్లకు అది పెరిగి పెరిగి 37 శాతానికి చేరాక, 2023లో కొత్త పన్ను విధానం కింద 25కు దించారు. చనిపోయినవారి ఆస్తి మీది పన్ను 1985లోనే చనిపోయింది. ఒకటి కాంగ్రెస్ తీసేసింది, ఇంకొకటి బీజేపీ. మన పార్టీలకు ఏ విషయంలోనూ ఏకాభిప్రాయం లేదనేవాళ్లు ఇది చూడాలి.

అసలు విద్య వేరే ఉంది. షేర్ల విలువ వెయ్యి కోట్లు పెరిగినా అమ్మనంతకాలం అది ఆదాయం కాదు. వాటిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుని దర్జాగా బతకొచ్చు, అప్పు ఎలాగూ ఆదాయం కాదు. ఏడాది దాటాక అమ్మినా అసలు పన్ను 12.5 శాతం. జీతగాడి పై మెట్టు 30. అప్పు మా మామకూ ఉంది. సేట్ దగ్గర తీసుకున్న అడ్వాన్సు. తాకట్టులో ఉన్నది ఆయన రెండు చేతులు.

శతకోటీశ్వరులు ఏటా తమ ఆస్తిలో కనీసం 2 శాతమైనా పన్నుగా కట్టాలని 2024లో జీ20 కోసం ఆర్థికవేత్త గాబ్రియెల్ జుక్‌మన్ ఓ నివేదిక ఇచ్చాడు. ప్రపంచం మొత్తం మీద సుమారు 3,000 మంది. మా ఊరి టాకీసులో నాలుగాటలకు సరిపోయే జనం. వెంటనే బెదిరింపు వచ్చింది, వాళ్లు దేశం విడిచి దుబాయ్ పోతారని. సిరిసిల్ల నుంచి దుబాయ్ పోయినవాళ్లు తక్కువా? వాళ్ల కోసం తల్లులు ఏడ్చారు. వీళ్ల కోసం ప్రభుత్వాలు ముందుగానే ఏడుస్తున్నాయి.

ఇదంతా విని మామ బిస్కెట్‌ను చాయ్‌లో ముంచాడు. అప్పటికే చాయ్ చల్లారింది. షిఫ్టుకు వేళయిందని చొక్కా తొడుక్కుంటుంటే, పాన్ కార్డు ఉందిగా, రిటర్న్ వేశావా మామా అని అడిగాను.

"ఏడికెల్లి అల్లుడా? దసరాకు రిజర్వేషన్ ఇంకా ఖుల్లా కాలె."