పండు ఎర్రబడిందా, సార్‌ని అడగనా?

ఏడాది చివర్లో కంపెనీలకు హఠాత్తుగా ఓ బెంగ పట్టుకుంటుంది: మన ఉద్యోగులు సొంతంగా ఆలోచించడం లేదేమో! వెంటనే ఓ బృందాన్ని అరకు పంపిస్తారు. ఏ కంపెనీ అని అడక్కండి, ఏదైనా ఒకటే. వెళ్తారా అని ఉద్యోగులను ఎవరూ అడగరు. సొంతంగా ఆలోచించాలన్న ఆలోచన వాళ్లది కాదు కదా.

విశాఖ నుంచి కిరండూల్ రైలు సొరంగంలో దూరినప్పుడల్లా అందరూ కేకలు పెడతారు, మేనేజరు గారు పెట్టాక. రాత్రికి చలిమంట, బొంగు చికెన్, ధింసా. ధింసాలో ఒకరి వెనకగా మరొకరు చేతులు పెనవేసుకుని దరువుకు అడుగు కలపాలి. మేనేజరు పక్కనున్న గిరిజన మహిళ పాదాలు చూస్తాడు. బృందం మేనేజరు పాదాలు చూస్తుంది. ఆయన తప్పటడుగు వేస్తే వరసంతా ఎంతో క్రమశిక్షణతో అదే తప్పటడుగు వేస్తుంది.

మర్నాడు ట్రైనరు బోర్డు మీద ‘స్వతంత్రంగా ఆలోచించండి’ అని రాస్తాడు. అందరూ అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటారు.

సరిగ్గా అదే వేళకు, కొండవాలులో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య గిరిజన రైతు ఒకావిడ కాఫీ పళ్లు కోస్తుంటుంది. చలికాలం కోతల కాలం. చిక్కేమిటంటే, ఒకే గుత్తిలో పచ్చికాయా, పసుపెక్కినదీ, ఎర్రగా పండినదీ కలిసే ఉంటాయి. కొమ్మ పట్టుకుని ఒక్కసారిగా దూసేస్తే పని తొందరగా తెములుతుంది, కప్పులో మాత్రం వగరు దిగుతుంది. అందుకే ఎర్రపండును మాత్రమే మునివేళ్లతో తుంచి, పచ్చివాటిని వచ్చే విడతకు వదిలేయాలి. ఆమె పండుకో నిర్ణయం తీసుకుంటూ బుట్ట నింపేస్తుంది. మీటింగు లేదు, ‘సార్, ఒకసారి చూస్తారా’ అన్న మెయిలు లేదు.

ఆ ధైర్యం వేళ్లలోంచే రాలేదు, వెనక కాస్త చట్టం కూడా ఉంది. 1964 నాటి సహకార చట్టం కింద సభ్యులు ఎన్నుకున్న పాలకవర్గాన్ని సర్కారు పక్కన పెట్టి, పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టొచ్చు. నిర్ణయం మీదే, కుర్చీ మాత్రం మాది అన్నమాట! 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చింది. జనం నోట అవే మ్యాక్స్ సొసైటీలు. బైలా రాసుకునేదీ, డబ్బు పెట్టుకునేదీ, తప్పు చేస్తే తిట్టుకునేదీ సభ్యులే. ఆ చట్టం కిందే, నాంది ఫౌండేషన్ అండతో అరకులో చిన్న, సన్నకారు గిరిజన రైతుల సంఘం ఏర్పడింది. దాని పూర్తి పేరు చదివేలోపు కప్పులో కాఫీ చల్లారిపోతుంది. అయినా ఆ కాఫీ 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది, మరుసటేడాది అక్కడే బంగారు పతకం కొట్టింది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపూ దక్కింది.

అరకులో కాఫీ రుచి పోటీలు కూడా జరుగుతాయి. ‘జెమ్స్ ఆఫ్ అరకు’కు విదేశీ నిపుణులు వస్తారు. కాఫీ రుచి చూసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. చెంచాతో తీసుకుని జుర్రుమని పెద్ద చప్పుడుతో లోపలికి లాగుతారు, కాసేపు పుక్కిలించి ఉమ్మేస్తారు. మన ఇళ్లలో పిల్లలు అలా చేస్తే తొడపాశం ఖాయం. కప్పు మీద రైతు పేరుండదు, అంకె ఉంటుంది. మార్కులు వేయడం పూర్తయ్యేదాకా ఒకరి అభిప్రాయం ఒకరికి చెప్పకూడదు, మొహంలో కూడా కనబడనీయకూడదు. మన మీటింగుల్లో వరస దీనికి తలకిందులు: ముందు పెద్దసారు ‘అద్భుతంగా ఉంది, మీరేమంటారు?’ అంటారు, ఆ తర్వాత అందరూ స్వేచ్ఛగా మాట్లాడతారు.

శిబిరం చివరి రోజు మధ్యాహ్నం అభిప్రాయ పత్రాలు పంచుతారు. నిర్మొహమాటంగా రాయండి అంటాడు ట్రైనరు. మొదటి గడిలో పేరు, రెండో గడిలో హోదా, మూడో గడిలో రిపోర్టింగ్ మేనేజరు పేరు. నింపిన కాగితాలు ఎవరికివ్వాలని ఒకరు అడుగుతారు. మేనేజరు గారు చెయ్యి చాపుతారు.