ఉప్మా ఎక్స్‌ప్రెస్

ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే నవ్వకూడదని మా ఇంట్లో నేర్పారు. నేను దాన్ని ఇంకాస్త సాగదీసి, లోకం కష్టంలో ఉన్నప్పుడు ఎవరూ ఎవర్నీ నవ్వించకూడదని తీర్మానించుకున్నాను. 2020 కరోనా వేసవిలో ఆ తెలివితక్కువతనం మా బ్లాకు పిల్లల మీద పడింది.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టిపెరిగిన పిల్లలకు రైలు కూత లేని రోజంటే తెలియదు. మార్చి 22న జనతా కర్ఫ్యూతో ప్యాసింజర్ బళ్ళు ఆగిపోయాయి. ఎంఎంటీఎస్ లేదు, మెట్రో లేదు. గూడ్సులు మాత్రం నడిచాయి. రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లతో దూద్ దురంతో కూడా ఆ నెలాఖర్లోనే మొదలైంది. అంటే లోకోపైలట్లకూ గార్డులకూ డ్యూటీ తప్పలేదు. నాన్న ఇంటికొచ్చినా స్నానం చేసేదాకా దగ్గరికి వెళ్ళకూడదు. అమ్మ కసురుకుంటుంది. టీవీలో పొద్దస్తమానం చావుల లెక్కలు.

మా పైఇంట్లో ఉండే రిటైర్డ్ గార్డుగారు రోజూ దీపాలు పెట్టేవేళకి బాల్కనీలో నిలబడి, అచ్చం స్టేషన్ మైకులా మొదలుపెట్టేవారు. "దయచేసి వినండి. వంటింటి నుంచి హాలుకు రావలసిన ఉప్మా ఎక్స్‌ప్రెస్, జీడిపప్పు దొరకని కారణంగా నలభై నిమిషాలు ఆలస్యంగా నడుస్తున్నది." నాలుగు బాల్కనీల్లోంచి పిల్లలు కేకలు వేసేవారు.

నాకు ఒళ్ళు మండింది. "అన్నయ్యగారూ, అవతల మనుషులు పోతుంటే ఈ వేళాకోళాలేమిటండీ?" అన్నాను. ఆయన నా ముఖం చూసి, "సరేనమ్మా" అన్నారు. ఆ సాయంత్రం నుంచీ మైకు లేదు.

కొన్నాళ్ళకి ఎదురింటి అమ్మాయి అడిగింది: "ఆంటీ, అంకుల్‌కి ఒంట్లో బాగోలేదా? మా వాడు ఆ మైకు వింటూనే అన్నం తినేవాడు. ఇప్పుడు ముద్ద ముట్టడంలేదు." ఆ పిల్లాడి నాన్న క్వారంటైన్‌లో ఉన్నాడు.

నా బుద్ధి ఎక్కడ తప్పిందో అప్పుడు వెతుక్కున్నాను. ఆ రోజుల్లో ఫోన్లలో రోగుల మీదా, నడిచిపోతున్న కూలీల మీదా జోకులు తిరిగేవి. అవి నీచమైనవే, ఇప్పటికీ అదే మాట అంటాను. కానీ ఆయన ఒక్కసారైనా రోగం మీద నవ్వలేదు. ఉప్మా మీదా, పోయిన కరెంటు మీదా నవ్వించారు. బాధపడేవాణ్ణి చూసి నవ్వడానికీ, బాధపడేవాణ్ణి నవ్వించడానికీ ఉన్న దూరం నాకు కనబడలేదు. కళ్ళ జబ్బుతో పోరాడిన చిలకమర్తివారే గణపతిని సృష్టించారు. లేమి అంటే ఏమిటో అనుభవించిన ముళ్ళపూడి వెంకటరమణ అప్పుల మీద ఋణానందలహరి రాశారు. రెండూ నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ చదివినవే. వాళ్ళకి లేని అభ్యంతరం నాకెందుకు? నేను ముఖం ముడుచుకుని కూర్చుంటే ఏ రోగికి జ్వరం తగ్గింది? నా భయాన్ని సానుభూతి అనుకున్నాను, అంతే.

వెళ్ళి అడిగాను. "తప్పు నాదే అన్నయ్యగారూ, మళ్ళీ మొదలుపెట్టండి." ఆయన దెప్పలేదు. "అయితే రేపటి బళ్ళ పేర్లు నువ్వు రాసివ్వమ్మా" అన్నారు. ఆవకాయ సూపర్‌ఫాస్ట్ నాదే.

మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1200 మంది వలస కూలీలతో మొదటి శ్రామిక్ రైలు వెళ్ళింది. ఆ సాయంత్రం ఆయన ఉప్మా ఊసెత్తలేదు. ఆ రైలు పేరూ, చేరే ఊరూ ఉన్నదున్నట్టు చెప్పి, "వాళ్ళకి క్షేమంగా ఇల్లు చేరే ప్రయాణం కావాలని చెప్పండర్రా" అన్నారు. పిల్లలంతా చెప్పారు. తర్వాతే ఆవకాయ బండి.

2021 మేలో, సెకండ్ వేవ్ నాటికి, ఆయన కొడుకు దగ్గరికి కాజీపేట వెళ్ళిపోయారు. మైకు నేనే అందుకున్నాను. నాకు ఆయన గొంతు రాదు. అయినా పిల్లలు బాల్కనీల్లోకి వచ్చేవారు.