నవారు మంచం దిగకుండా పులి జాడల సర్వే

కొత్తగా ఫారెస్ట్ బీట్ ఆఫీసర్లుగా చేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ శుభాకాంక్షలు. నల్లమలలో పోస్టింగ్ పడినవాళ్లు మరీ అదృష్టవంతులు. అక్కడంతా రాతి నేల, పైన ఎండుటాకులు. అడుగు జాడ పడదు, పడినా నిలవదు. కనబడలేదంటే ఎందుకు కనబడలేదని అడిగేవాడుండడు. ఇక నాలుగేళ్లకోసారి పులుల లెక్కింపు వస్తుంది. బీట్‌కు మూడు దారులు, ఒక్కో దారి 5 కిలోమీటర్లు, తెల్లారేసరికి బయల్దేరి జాడలు వెతుక్కుంటూ నడవాలంటారు. మీ మోకాళ్లు నాకు ముఖ్యం. ఈ చిట్కాలు పాటించండి, ఆ 15 కిలోమీటర్లూ బేస్ క్యాంప్ చెట్టు నీడలోనే పూర్తవుతాయి.

1. నడక ఫోనుకు అప్పగించండి

నడిచిన దారంతా ఇప్పుడు ఎంస్ట్రైప్స్ యాప్‌లో పడుతుంది. బండి మీద తిరిగితే వేగం పట్టిస్తుంది, ఆ పని చేయకండి. ఫోను వాచర్ చేతికిచ్చి పంపండి. నల్లమలలో వాచర్లు చాలామంది చెంచులే. ఏ వాగు దగ్గర ఏది నీళ్లు తాగుతుందో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. పంపేముందు ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పండి: ఫొటోలు చాలు, కబుర్లు వద్దు. ఎందుకంటే తిరిగొచ్చాక ఆయన ఊరుకోడు. “సారూ, ఇది రాత్రిది కాదు, మొన్నటి వానకు ముందుది. అంచులు కరిగినయి చూడు” అంటాడు. “ఇది పులిది కాదు సారూ, దుమ్ములగొండిది” అంటాడు. వినడం మొదలుపెట్టారంటే ఫారం మొదటినుంచి తిరగరాయాలి. టీ ఇచ్చి పంపేయండి.

2. గోళ్లు చెరిపేయండి

పులీ చిరుతా నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. అందుకే వాటి ముద్రలో గోరు గుర్తుండదు. కుక్క, తోడేలు, రేచుకుక్క, దుమ్ములగొండి ముద్రల్లో గోళ్లు పడతాయి. ట్రైనింగ్‌లో దీన్ని పెద్ద విషయంగా చెబుతారు. నిజానికి ఇది బొటనవేలి పని. ఒక్కసారి అలా రుద్దితే నాలుగు గోళ్లూ పోతాయి. దుమ్ములగొండి ముందు పాదం వెనక పాదం కంటే పెద్దది కాబట్టి ముందు పాదాన్నే ఎంచుకోండి. అరికాలి మెత్త వెనక అంచున పులికి మూడు వంపులుంటాయి. మీ దగ్గరున్న ముద్రలో అవి లేకపోతే అక్కడొక ఎండుటాకు వేసి ఫొటో తీయండి. అడవిలో ఆకు ఎక్కడిదని ఎవరడుగుతారు?

3. బురదనే నమ్ముకోండి

మగపులి వెనక పాదం ముద్ర దాదాపు చదరంగా ఉంటుంది, ఆడపులిది కాస్త పొడవుగా. అయితే తడి మట్టిలో వేళ్లు విచ్చుకుని ముద్ర వెడల్పవుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఒకే ఆడపులి దుమ్ములో ఆడది, వాగు ఒడ్డున మగది. బీట్‌కు జంట దొరికినట్టే. ఫొటోలో పక్కన స్కేలు పెట్టమంటారు, పెట్టకండి. బాగా చెక్కిన చిన్న పెన్సిల్ ముక్క పెట్టండి. చూసేవాళ్లు నిండు పెన్సిలే అనుకుంటారు, చిరుత కాస్తా పెద్దపులి అవుతుంది.

4. పెంట దగ్గర ఓపిక పట్టండి

ఈ సర్వేలో అసలు సంపాదన పెంటదే, కాబట్టి దీన్ని శ్రద్ధగా చదవండి.

ముందు పెంటికలు. 2 కిలోమీటర్ల లైను వేసి, ప్రతి 400 మీటర్లకు ఒక చోట ఆగి, దుప్పివెన్ని, కణితివెన్ని అని లెక్కపెట్టాలి. అంత దూరం ఎందుకు? మనుబోతుకూ కొండగొర్రెకూ మళ్లీ మళ్లీ ఒకేచోట వేసే అలవాటుంది. అలాంటి కుప్ప ఒకటి దొరికితే అక్కడే కూర్చుని అన్ని గడులూ నింపేయొచ్చు. అదీ దొరకకపోతే ఊరి మేకలున్నాయి. పెంటిక మీద పేరు రాసి ఉండదు.

ఎలుగు పెంటకు మాత్రం దూరంగా ఉండండి. వేసవిలో ఇప్పపూలు, తునికి గింజలు, మిగతా రోజుల్లో చెదపురుగుల ముక్కలు అందులో స్పష్టంగా కనిపిస్తాయి. పరీక్షించే అధికారి కూడా గుర్తుపట్టేస్తాడు. దాన్ని పులి ఖాతాలో వేయడం కష్టం.

దుమ్ములగొండిది అలా కాదు. అది ఎముకలు నమిలి మింగుతుంది, అందుకే పెంట ఆరాక తెల్లబడుతుంది, గట్టిగా ఉండి తొందరగా పాడవదు. ఒకటి ఏరి డబ్బాలో దాచుకోండి. తూర్పు నుంచి ఫొటో తీస్తే ఒక కిలోమీటరు, పడమర నుంచి తీస్తే ఇంకో కిలోమీటరు. తెల్లగా ఉందేమని అడిగితే ఎండకు పాలిపోయిందనండి.

పులి పెంటలో జంతువుల వెంట్రుకలు, ఎముక ముక్కలు ఉంటాయి. చిరుతదానికి మెలికలు ఎక్కువ, పులిదానికి తక్కువ. మెలికలుంటే బూటు అంచుతో కాస్త సాఫు చేయండి.

శాంపిల్ పంపమంటే కంగారుపడకండి. హైదరాబాద్‌లో సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ల్యాబ్ ఉంది, అక్కడ డీఎన్‌ఏ తీసి ఏ జంతువో తేల్చేస్తారు. అందుకే శాంపిల్‌ను ఆరబెట్టి, తేమ పీల్చే సిలికా జెల్‌తో పంపాలంటారు. మీరు పచ్చిగా పాలిథిన్ కవర్లో కట్టి, జీపు డ్యాష్‌బోర్డు మీద ఎండలో రెండు వారాలు ఉంచండి. లోపల డీఎన్‌ఏ పాడైపోతుంది, ఫలితం తేలదు. తేలలేదంటే మీరు తప్పని ఎవరూ చెప్పలేదన్నమాట.

5. చెట్టు గీతలు

చెట్టు మీద పులి గోళ్ల గీతలు పెట్టడం కొడవలితో ఐదు నిమిషాల పని. తేనె కోసం ఎలుగు ఎక్కిన చెట్టు కనిపిస్తే ఆ శ్రమా లేదు, ఆ గోళ్ల గీతలే పులివని రాయండి.

6. ఆవు చచ్చిందంటే మూడు రోజులాగండి

“సార్, మా ఆవును పులి కొట్టింది” అని రైతు పొద్దున్నే వస్తాడు. వెంటనే పోతే చిక్కు. గొంతు మీద కోరల గాట్లుంటాయి. పెద్దపులి సాధారణంగా వెనక తొడల నుంచి తినడం మొదలుపెడుతుంది, చిరుత పొట్ట వైపు నుంచి. చూశారంటే ఏదో ఒకటి రాయాలి, రాస్తే పరిహారం ఫైలు కదపాలి. మీటింగుందనండి, జీపులో డీజిల్ లేదనండి. మూడో రోజుకు కుక్కలూ పందులూ పని పూర్తి చేస్తాయి, మీరు వెళ్లి “ఆధారాలు లభించలేదు” అని ఒక్క ముక్క రాస్తే చాలు.

ఈలోగా రైతు కడుపుమండి కళేబరానికి పురుగుమందు పూయొచ్చు. పులి మళ్లీ తినడానికొచ్చి పక్కనే పడిపోవచ్చు. దీనికి బెదరకండి. పాదముద్ర మీద వాదించొచ్చు, పెంట మీద వాదించొచ్చు, చచ్చిన పులి మీద ఎవరూ వాదించలేరు. మీ బీట్‌లో పులి ఉందన్న రిపోర్టు అక్షరాలా నిజమని తేలుతుంది.

7. కెమెరాను గడ్డివైపు తిప్పండి

మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. కెమెరా ట్రాప్‌కు చిక్కితే ఒకటి ఒకటిగానే లెక్కకొస్తుంది, రెండు చేయడం కుదరదు. పొడవాటి గడ్డికి ఎదురుగా కట్టండి. గాలికి గడ్డి ఊగిన ప్రతిసారీ ఫొటో పడుతుంది, నాలుగు రోజుల్లో కార్డు నిండుతుంది, బ్యాటరీ అయిపోతుంది. ఎలుగు వచ్చి కెమెరా తిప్పేసిందని రాయండి. ఎలుగులు నిజంగానే ఆ పని చేస్తాయి కాబట్టి అందరూ నమ్ముతారు.

8. సరిస్కాను చూసి ధైర్యం తెచ్చుకోండి

రాజస్థాన్‌లోని సరిస్కాలో, పాదముద్రలు గాజుపలక మీద గీసుకుని లెక్కించిన రోజుల్లో, కాగితం మీద పదికి పైగా పులులుండేవి. 2005లో వెతికి చూస్తే ఒక్కటీ లేదు, వేటగాళ్లు కాజేశారు. ఇక్కడ గ్రహించాల్సింది, అడవిలో పోయాక కూడా రిజిస్టర్లో పులులు నిలబడ్డాయి. 2008లో రణతంభోర్ నుంచి హెలికాప్టర్‌లో పులిని తెచ్చి అక్కడ వదిలారు. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో కూడా 2009కల్లా పులులు లేకుండా పోయాయి, అక్కడికీ బయటినుంచే తెచ్చారు. కాబట్టి ఉన్నవి పోతే ఎలా అన్న దిగులు మీకక్కర్లేదు. తెచ్చేవాళ్లు తెస్తారు.

9. ఛార్జ్ అప్పగించేటప్పుడు

బదిలీకి రెండు నెలల ముందే అర్జీ పెట్టండి. ఛార్జ్ లిస్టులో బైనాక్యులర్లు, టార్చిలైట్లు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సంచులతోపాటు పులుల సంఖ్య కూడా రాసి, కొత్తగా వచ్చిన తమ్ముడి సంతకం తీసుకోండి. ఆయన వెతికి, ఒక్కటీ కనబడలేదని ఫోన్ చేస్తే, నిన్నటిదాకా ఇక్కడే ఉన్నాయి, పక్క బీట్‌కు పోయుంటాయని చెప్పండి. డబ్బాలో దాచిన తెల్ల పెంట మాత్రం ఆయనకివ్వకండి. కొత్త బీట్‌లో మీకు పనికొస్తుంది.