గంజాయి పద్దుపై ద్రవ్య వినిమయ సంఘం వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అమెరికా కాంగ్రెస్ ద్రవ్య వినిమయ సంఘం వారి సముఖానికి,
వాషింగ్టన్.

విషయం: గంజాయిని ఆపడానికీ, ఆపకుండా ఉండడానికీ ఒకే ఖజానా నుంచి అవుతున్న ఖర్చు గురించి.

ఆర్యా,

అమెరికాలో ఫెడరల్ గంజాయి నిషేధం పుట్టింది పోలీసు చట్టంగా కాదు, పన్ను చట్టంగా. 1937 ఆగస్టు 2న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన మారిహువానా టాక్స్ యాక్ట్ గంజాయి కూడదని ఎక్కడా అనలేదు. ఒక సరుకును దేశమంతటా నేరుగా నిషేధించే అధికారం ఫెడరల్ ప్రభుత్వానికి ఉందా అన్నది ఆనాటి సందేహం. పన్ను వేసే అధికారం మీద మాత్రం అంత సందేహం లేదు. అందుకని, పేరు నమోదు చేయించుకున్నవారికి అమ్మితే ఔన్సుకు ఒక డాలరు, చేయించుకోనివారికి అమ్మితే ఔన్సుకు 100 డాలర్లు పన్ను పెట్టారు. ఔన్సంటే 28 గ్రాములు. రాబడి రాకూడదనే కోరికతో వేసిన పన్ను ఇది. అమెరికన్ వైద్య సంఘం తరఫున డాక్టర్ విలియం వుడ్‌వర్డ్ విచారణలో అభ్యంతరం చెప్పినా చట్టం ఆగలేదు. అమలు బాధ్యత ఖజానా శాఖలోని మాదకద్రవ్యాల బ్యూరోది, దాని అధిపతి హ్యారీ ఆన్‌స్లింగర్.

అయిదేళ్లు తిరక్కుండానే అదే ప్రభుత్వం గంజాయి మొక్కను సాగు చేయమని రైతులను బతిమాలవలసి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్ జపాన్ చేతిలోకి పోయి, ఓడల మోకులకు కావలసిన నార రావడం ఆగిపోయింది. 1942లో వ్యవసాయ శాఖ సొంత ఖర్చుతో ‘హెంప్ ఫర్ విక్టరీ’ అనే ప్రచారచిత్రం తీయించింది. హెంప్ అంటే మరో మొక్క కాదు, నార కోసం పెంచే గంజాయి రకం. మత్తు దాదాపు ఉండదు. యుద్ధం ముగిశాక ఆ సాగు మానిపించారు గానీ, విత్తనాలకు ఆ ఉత్తర్వు అందలేదు. మధ్య పశ్చిమ రాష్ట్రాల కాలవగట్ల మీదా, రైలుకట్టల పక్కనా అవి తమంత తామే మొలుస్తూ ‘డిచ్‌వీడ్’ అని పేరు తెచ్చుకున్నాయి.

1969లో సుప్రీంకోర్టు లియరీ కేసులో 1937 నాటి చట్టం పునాది కదిలించింది. పన్ను కట్టడానికి వివరాలు రాసి ఇస్తే నేరం ఒప్పుకుని సంతకం పెట్టినట్టే అవుతుందని, పౌరుణ్ణి అలా బలవంతపెట్టడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు. మరుసటి ఏడాదే కొత్త మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం వచ్చింది. గంజాయిని హెరాయిన్ పక్కన, అతి కఠినమైన మొదటి షెడ్యూలులో చేర్చారు. ఆ స్థానం సబబో కాదో తేల్చమని ప్రభుత్వ ధనంతోనే ఒక సంఘాన్ని వేశారు. పెన్సిల్వేనియా మాజీ గవర్నర్ రేమండ్ షేఫర్ అధ్యక్షతన పనిచేసిన ఆ సంఘం, సొంత వాడకానికి కొద్దిపాటి గంజాయి దగ్గర ఉంచుకోవడాన్ని నేరంగా చూడనక్కర్లేదని 1972లో నివేదిక ఇచ్చింది. అధ్యక్షుడు నిక్సన్ దాన్ని పక్కన పెట్టారు. 1973లో డీఈఏ, అంటే మాదకద్రవ్యాల నిరోధక సంస్థ, ఏర్పడింది.

1970ల చివరికి ఖజానా ఒకేసారి రెండు పనులు చేస్తోంది. ఒక చేత్తో గంజాయి పండించి పంచిపెట్టేది. మిసిసిపీ విశ్వవిద్యాలయం 1968 నుంచి ప్రభుత్వ కాంట్రాక్టు మీద పరిశోధన కోసం గంజాయి పండిస్తోంది. కళ్లలో నీటికాసుల వ్యాధి ఉన్న రాబర్ట్ రాండల్ అనే వ్యక్తి 1976లో వైద్యావసరం వాదనతో కేసు గెలిచిన తరువాత, ఆ పంటతో చుట్టించిన సిగరెట్లను డబ్బాల్లో పెట్టి కొద్దిమంది రోగులకు పంపే ఏర్పాటు జరిగింది. ఒక్కొక్కరికి నెలకు సుమారు 300 దాకా వెళ్లేవి. ఎయిడ్స్ రోగుల దరఖాస్తులు పెరిగాక 1992లో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేశారు. పాతవారికి మాత్రం ఆ తరువాతా డబ్బాలు వెళ్లాయి.

రెండో చేత్తో గంజాయి పీకించేది. 1979లో మొదలైన డీఈఏ నిర్మూలన కార్యక్రమం కింద రాష్ట్రాల పోలీసులకు ఓవర్‌టైముకూ, హెలికాప్టర్లకూ ఫెడరల్ నిధులు వెళ్లాయి. ఎన్ని మొక్కలు పీకితే అంత విజయం. ఆ లెక్కల్ని విప్పి చూస్తే, పలు సంవత్సరాల్లో పీకిన మొక్కల్లో 95 శాతానికి పైగా డిచ్‌వీడే. మత్తులేని మొక్కను నాటమన్న ఖర్చు ఒక తరానిది, దాన్నే పీకిన ఖర్చు తరువాతి తరానిది.

ఇక్కడి నుంచి కథ శాసనసభల్లో కాక బడ్జెట్ కాగితాల్లో నడుస్తుంది. ఒక పనిని ఆపడానికి చట్టం చాలకపోయినా, దానికి పైసా ఖర్చు పెట్టరాదని ద్రవ్య వినిమయ బిల్లుకు షరతు తగిలిస్తే చాలు. వాషింగ్టన్ నగర పద్దు కాంగ్రెస్ చేతిలో ఉంటుంది. 1998 నవంబరులో ఆ నగర ఓటర్లు వైద్యం కోసం గంజాయి వాడకాన్ని అనుమతించాలా అన్న ప్రశ్న మీద ఓటు వేశారు. అంతకు కొద్ది రోజుల ముందే జార్జియా సభ్యుడు బాబ్ బార్ ప్రతిపాదించిన షరతు చట్టమైంది: గంజాయి శిక్షలు తగ్గించే ఏ ప్రజాభిప్రాయ సేకరణకూ నగర నిధులు వాడకూడదు. ఓట్లు పడ్డాయి, ఫలితం మాత్రం బయటికి రాలేదు. ఓట్ల లెక్క చెప్పడం కూడా ఖర్చే కదా. కోర్టు జోక్యంతో 1999 సెప్టెంబరులో ఫలితం వెల్లడైంది, 69 శాతం అనుకూలం. అయినా అమలుకు అడ్డుపడిన షరతును 2009 చివరి దాకా ఎత్తివేయలేదు. ఈలోగా బార్ గారే గంజాయి సంస్కరణలు కోరే ఒక సంస్థ తరఫున 2007లో పైరవీ చేశారు.

2014 డిసెంబరు 16న సంతకమైన ద్రవ్య వినిమయ చట్టం ఈ కళకు పరాకాష్ఠ. అందులో ఒక నిబంధన ప్రకారం, రాష్ట్రాలు తమ వైద్య గంజాయి చట్టాలను అమలు చేసుకోకుండా అడ్డుకోవడానికి న్యాయశాఖ డబ్బు వాడకూడదు. ఆ రాష్ట్రాల జాబితాలో వాషింగ్టన్ నగరం పేరూ ఉంది. అదే చట్టంలో ఇంకొక నిబంధన ప్రకారం, వినోదానికి వాడే గంజాయిని చట్టబద్ధం చేయడానికి వాషింగ్టన్ నగరం డబ్బు వాడకూడదు. పాము చావకుండా, కర్ర విరగకుండా రెండు పక్షాలకూ సమాధానం దొరికింది.

ఫలితం వీధిలో కనబడింది. ఆ ఏడాదే నగర ఓటర్లు పెద్దలకు గంజాయి దగ్గర ఉంచుకునే హక్కునూ, ఇంట్లో పెంచుకునే హక్కునూ ఇచ్చారు. ఒక ఔన్సు దాకా ఉచితంగా ఇచ్చుకోవచ్చు. అమ్మకానికి నియమాలు రాయాలంటే మాత్రం నగరం ఖర్చు పెట్టాలి, అది కూడదు. దాంతో ఒక స్టిక్కరో, టీషర్టో ఎక్కువ ధరకు కొన్నవారికి గంజాయి ‘బహుమతి’గా ఇచ్చే దుకాణాలు వెలిశాయి. గంజాయి మీద పన్ను లేదు, సరుకు మీద తనిఖీ లేదు. ఒక్క షరతుతో ఖజానాకు అటు రాబడీ పోయింది, ఇటు అదుపూ పోయింది.

న్యాయశాఖ మీది షరతు రక్షణ కూడా అంతంతమాత్రమే. రాష్ట్ర చట్టాన్ని పాటించినవారిని ఈ నిధులతో విచారించరాదని తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2016లో మెకింతోష్ కేసులో చెప్పింది. చేసిన పని నేరం కాకుండా పోలేదనీ, షరతు రద్దయితే కేసులు మళ్లీ తెరుచుకోవచ్చనీ అదే తీర్పు హెచ్చరించింది. అంటే ఒక వ్యాపారి స్వేచ్ఛ ప్రతి ఏటా బడ్జెట్‌తో పాటు పొడిగింపు కోసం ఎదురుచూస్తుంది.

నేరమైనా పన్ను మాత్రం ఆగదు. 1982లో చేర్చిన ఆదాయపు పన్ను సెక్షన్ 280ఈ ప్రకారం, మొదటి రెండు షెడ్యూళ్ల మత్తుపదార్థాలు అమ్మే వ్యాపారం సరుకు ఖరీదు తప్ప మరే ఖర్చునూ మినహాయించుకోరాదు. రాష్ట్ర లైసెన్సు ఉన్న ఒక కంపెనీ పది లక్షల డాలర్ల అమ్మకం చేసి, సరుకుకు ఆరు లక్షలు, అద్దెకూ జీతాలకూ మూడు లక్షలు పెట్టిందనుకుంటే మిగిలేది లక్ష. పన్ను మాత్రం నాలుగు లక్షల మీద. 21 శాతం చొప్పున అది 84,000 డాలర్లు. గంజాయిని మూడో షెడ్యూలుకు మార్చాలని 2024 మేలో న్యాయశాఖ చేసిన ప్రతిపాదన వ్యాపారులను అంతగా కదిలించడానికి కారణం ఈ సెక్షనే. షెడ్యూలు మారితే 280ఈ వర్తించదు.

నిషేధం ఖరీదెంత అన్నదానికి ప్రసిద్ధమైన అంచనా 2005 నాటిది. ఆర్థికవేత్త జెఫ్రీ మైరాన్ లెక్క ప్రకారం, నిషేధం ఎత్తివేస్తే అమలు ఖర్చులో ఏడాదికి 770 కోట్ల డాలర్లు మిగులుతాయి. మామూలు సరుకులా పన్ను వేస్తే 240 కోట్లు, మద్యం, పొగాకు స్థాయిలో వేస్తే 620 కోట్లు రాబడి వస్తుంది. ఈ విషయం మీద చర్చ జరగాలని కోరుతూ మిల్టన్ ఫ్రీడ్‌మన్ సహా 500 మందికి పైగా ఆర్థికవేత్తలు బహిరంగ లేఖ రాశారు. ఆ అంకెలను యథాతథంగా తీసుకోనక్కర్లేదు. గంజాయి కేసులు తగ్గినంత మాత్రాన పోలీసు జీతం తగ్గదు. అతని సమయం వేరే కేసుకు మళ్లుతుంది, నగదు మిగలదు. 2007లో గంజాయి అరెస్టులు 8.7 లక్షలు దాటాయి. పదింట దాదాపు తొమ్మిది, దగ్గర ఉంచుకున్నందుకే. అసలు వ్యయం ఆ సమయమే. రాబడి అంచనాలకూ హద్దుంది. కొలరాడో ఎక్సైజు పన్నులో ఏటా మొదటి నాలుగు కోట్ల డాలర్లను బడి భవనాలకు కేటాయించగలిగింది. కాలిఫోర్నియాలో పన్నులు, లైసెన్సుల భారం వల్ల దొంగ వ్యాపారం ఇంకా బతికే ఉంది.

ఈ రెండు నాల్కల లెక్కలో ఇరుక్కునేది పౌరులే కాదు. వీసాల మీదా, గ్రీన్‌కార్డుల మీదా ఉంటున్న తెలుగువారికి వలస చట్టం ఫెడరల్ చట్టమే. రాష్ట్రం అనుమతించిన గంజాయి సంస్థలో ఉద్యోగం చేసినా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన లేనట్టు పరిగణించవచ్చని 2019 ఏప్రిల్‌లో వలస సేవల సంస్థ స్పష్టం చేసింది. ఆ ఉద్యోగి జీతంలోంచి కోసిన ఫెడరల్ పన్నును మాత్రం ఖజానా తిరిగి ఇవ్వదు.

గంజాయి మంచిదా, చెడ్డదా అన్నది వైద్యులు తేల్చవలసిన విషయం. మాన్పించాలా, అమ్మనివ్వాలా అన్నది చట్టం తేల్చవలసిన విషయం. సంఘం వారి పరిధిలోనిది పద్దు ఒక్కటే. పట్టుకునే ఖర్చు, పట్టుకోకుండా ఉండే షరతు, పండించే కాంట్రాక్టు, వసూలయ్యే పన్ను, వదులుకున్న పన్ను ఒకే పట్టికలో, ఒకే పేజీలో ఏటా అచ్చువేస్తే చాలు. ఏ విధానానికి ఎంత అవుతుందో అప్పుడు సభ్యులకు తెలుస్తుంది. షరతుల చాటున దాగకుండా చట్టం మీదే ఓటు వేయవలసి వస్తుంది.

ఇట్లు,
ఇరుపక్షాల ఖర్చూ భరిస్తున్న పన్ను చెల్లింపుదారులు.

ప్రతి: ఖజానా శాఖ వారికి, 1937 నుంచి పెండింగులో ఉన్న విషయంగా, తగు చర్య నిమిత్తం.