రోలుకు పన్నెండే

ఈ మధ్య మా స్టూడియోకి కుర్రాళ్లు ఫోటో దిగడానికి రావడం మానేశారు. సలహాకి వస్తున్నారు. గచ్చిబౌలిలో ఉద్యోగమట, జీతం బాగానే ఉందట, మనసు మాత్రం కెమెరా మీద ఉందట. "మానేసి పూర్తిగా ఫోటోగ్రఫీలోకి దిగుదామనుకుంటున్నా అంకుల్, మీరేమంటారు?" అంటారు. నేననడానికి ఏముంది? నన్నడిగే లోపే ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు పక్కన 'ఫోటోగ్రఫీ' అని తోక తగిలించుకునే వచ్చి ఉంటారు. మా రోజుల్లో బోర్డు మీద పేరు రాయించుకోవాలంటే ముందు గురువుగారి దగ్గర ట్రేలు కడగాలి.

ట్రేలంటే ఏమిటో కూడా చెప్పాలి కాబోలు. ఫోటోలు కడగడానికి డెవలపరుకు ఒకటి, నీళ్లకు ఒకటి, హైపోకు ఒకటి. మెటోల్, హైడ్రోక్వినోన్ చిన్న త్రాసులో తూచి కలపాలి. గోళ్లు గోధుమరంగుకు తిరిగేవి. అన్నం కలుపుకుంటుంటే కూడా చేతికి హైపో వాసనే. డెవలపరు ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలని పుస్తకంలో రాసేవాడు రాశాడు. మా తెనాలిలో మే నెలలో ఇరవై డిగ్రీలు ఎక్కణ్ణించి తెస్తాం? సోడాకొట్టు నుంచి ఐసుగడ్డ తెచ్చి, బేసిన్‌లో పగలగొట్టి, దాంట్లో ట్రే కూర్చోబెట్టేవాళ్లం. డార్క్‌రూముకు కిటికీ ఉండదు. ఫ్యాను వేస్తే దుమ్ము లేచి తడి నెగటివ్ మీద వాలుతుంది కాబట్టి అదీ లేదు. ఎర్రబల్బు, చెమట, గురువుగారి తిట్లు. ఇలా కొన్నేళ్లు నలిగాక కెమెరా చేతికిచ్చేవారు. అదీ పాస్‌పోర్టు సైజులకే.

పెళ్లికి వెళ్తే యాషికా మ్యాట్ కెమెరా. 120 రోలు, రోలుకు పన్నెండే ఫోటోలు. పెళ్లివారు రెండు రోలులకు ఒప్పుకుంటే గొప్ప. జీలకర్రా బెల్లం, సూత్రధారణ, తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ అందులోనే సర్దాలి. సరిగ్గా మూడో ముడి పడే వేళకు అక్షింతలు వేద్దామని ఎవరో ఒక మేనత్తగారు కెమెరాకు అడ్డం వచ్చి నిలబడేది. ఆవిణ్ణి మర్యాద చెడకుండా పక్కకు జరిపే గొంతు ఉన్నవాడే అప్పట్లో ఫోటోగ్రాఫరు. నొక్కింది పడిందో లేదో రేపు డార్క్‌రూములో కానీ తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.

ఇప్పుడు ఒక్క పెళ్లికి వేలకు వేలు నొక్కుతున్నారు. నెలలు గడిచాక ఒక లింకు పంపి, వాటిలో ఆల్బంకు కావలసినవి మీరే ఏరుకోండి అంటారు. ఏరడం మా పని బాబూ! అది చెయ్యడానికే గదా మాకు డబ్బిచ్చేది. "ఆల్బం ఏదర్రా?" అని నాయనమ్మ అడుగుతూనే ఉంటుంది, "ఇంకా సెలెక్షన్ అవలేదు నానమ్మా" అని మనవరాలు చెబుతూనే ఉంటుంది. ఈలోపు ఆ జంటకు పిల్లలు కూడా పుడుతున్నారు.

అలాగని మేం చేసిందంతా కళాఖండమేమీ కాదు. వైన్ గ్లాసులో వధూవరుల్ని కూర్చోబెట్టినవాళ్లం, తామరపువ్వులోంచి పెళ్లికొడుకు తలను మొలిపించినవాళ్లం మేమే. ఆ సంగతి వదిలెయ్యండి.

ఫిల్ము సంగతి చెబితే నమ్మరు. ఊటీలో ప్రభుత్వం వారి హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసే 'ఇందు', తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఆర్వో. ఏది దొరికితే అది కొని బీరువాలో దాచుకునేవాళ్లం. ఇప్పుడు ఊటీ ఫ్యాక్టరీ మూతపడింది. తూర్పు జర్మనీ అయితే దేశమే లేకుండా పోయింది. 2012లో కొడాక్ అంతటిది దివాలా కోర్టు మెట్లెక్కింది. నా స్టూడియో మాత్రం ఇంకా తెరిచే ఉంది. ఇది గొప్పకు చెప్పడం లేదు, పాస్‌పోర్టు ఫోటోల పుణ్యం.

ఈ వృత్తిలో పెళ్లిళ్లే కాదు, ఇంకొకటి కూడా ఉండేది. దాని గురించి ఏ కుర్రాడూ అడగడు. అర్ధరాత్రి తలుపు కొట్టేవారు. "నాన్నగారు పోయారండీ, ఒక్క ఫోటో కూడా లేదు, మీరొకసారి రావాలి." ఎనభై ఏళ్లు బతికిన మనిషికి అదే మొదటి ఫోటో. కుర్చీలో కూర్చోబెట్టి, కండువా సర్ది, వెనక ఎవరో ఒకరు పట్టుకుని ఉంటే తీసేవాళ్లం. ఆ తర్వాత నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో రీటచింగు చేసి, కళ్లు తెరిచినట్టు దిద్దేవారు మా గురువుగారు. ఆ పటానికే తద్దినం రోజున దండ పడేది. మా వీధుల్లో ఇంకా కొన్ని ఇళ్ల గోడలకు ఆయన చేతి పటాలున్నాయి. ఆ ఇంటివాళ్ల ముందు డబ్బు మాట ఎత్తలేక వెనక్కి వచ్చిన రాత్రులూ ఉన్నాయి.

"మీ కాలంలో ఉద్యోగం వదిలి ఇందులోకి ఎవరొచ్చారు అంకుల్? ఇది మా తరం ధైర్యం" అన్నాడు మొన్నొకడు. నవ్వొచ్చింది. రాజా దీన్‌దయాళ్ పేరు విన్నావా నాయనా? రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో నౌకరీ చేసినవాడు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. పట్టిన వెంటనే కాగితం రాసి పారెయ్యలేదు. పదేళ్ల పాటు ఉద్యోగం ఒక చేత్తో, కెమెరా ఇంకో చేత్తో నడిపాడు. దొరలకూ, సంస్థానాధీశులకూ ఫోటోలు తీసి పేరు నిలబడ్డాకే బయటికొచ్చాడు. 1885లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఘోషా స్త్రీల కోసం 1892లో వేరే స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించాడు. అదీ వృత్తి మారడమంటే. ధైర్యం ఉన్నదే, దానికి ముందు పదేళ్ల సాధన కూడా ఉంది.

ఘోషా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఇప్పుడు ఆడపిల్లలు భుజానికి రెండు కెమెరాలు తగిలించుకుని పెళ్లిమండపంలో తిరుగుతున్నారు. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి మాకెప్పుడూ ప్రవేశం లేదు. వాళ్లు తీసే ఆ గది ఫోటోలు చూస్తే నాకు సణగబుద్ధి కాదు. ఈ ఒక్క విషయంలో మా రోజులే తక్కువ.

మిగతా వాటిలో మాత్రం సణుగుతాను. ఈ కుర్రాళ్లు కెమెరాకు, లెన్సులకు లక్షల్లో పోస్తారు, పంచాంగం మాత్రం కొనరు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, భాద్రపదంలో ఉండవు, పుష్యంలో ఉండవు. ఆపైన మూఢం వచ్చిందంటే వరసగా వారాలకు వారాలు ఖాళీ. మాఘంలో, శ్రావణంలో మాత్రం ఒకే లగ్నానికి ఊరంతా పెళ్లిళ్లే, ఎన్ని పిలుపులొచ్చినా నువ్వు వెళ్లగలిగేది ఒక్కదానికే. ఒకటో తారీఖున జీతం పడే మనిషికి ఈ లెక్క ఒంటికి పట్టదు. ఇక బ్యాలెన్సు డబ్బు. పెళ్లికి ముందు ఫోటోగ్రాఫరు దేవుడు, పెళ్లయ్యాక అప్పులవాడు. అడ్వాన్సు గట్టిగా తీసుకోవడం ఏ ఆన్‌లైన్ కోర్సులో నేర్పుతున్నారో నాకు తెలియదు.

కాబట్టి అబ్బాయిలూ, అమ్మాయిలూ, రాజీనామా కాగితం ఇంకా పంపకపోతే కాస్త ఆగండి. సెలవు పెట్టి వచ్చి ఒక సీజనంతా ఎవరి దగ్గరైనా లైటు పట్టుకోండి. తెల్లవారుజాము ముహూర్తాలకు నిలబడండి, బ్యాలెన్సు వసూలుకు కూడా వెంట వెళ్లండి. మాఘమాసానికి నాకూ ఒక మనిషి కావాలి. భోజనం పెళ్లివారిదే. జీతం ఎంతని మాత్రం అడక్కండి.